చిలుక తొర్ర

చిలుకను ఎరుగని తెలుగు బిడ్డ ఉండడు. మన్మథునికి అది వాహనం. మధుర మీనాక్షి చేతిలో అది అలంకారం. ఇంతగా మనసుకెక్కిన పక్షికి మన వలన కలిగిన కీడు కూడ అంతటిదే. దాని పలుకు మీది మక్కువయే దానికి పంజరమైనది.

అందరూ చూచే రామచిలుకకు ఇప్పట్లో జాతి నశించే భయం లేదు. పంజరాల నుండి తప్పించుకొన్న వాని సంతతి లండన్ నగరపు ఉద్యానవనాలలో సైతం వేల సంఖ్యలో కాపురం చేస్తున్నది. భుజాన ఎర్రని మచ్చ గల పెద్దచిలుక సంగతి వేరు. పాశ్చాత్యులు అలెగ్జాండరు పేరు పెట్టినది దీనికే. మాటలు నేర్చుటలో దిట్ట అని పేరుపడినందున దీనికి గిరాకి ఎక్కువ. ప్రకృతి పరిరక్షణకు ఏర్పడిన అంతర్జాతీయ సంఘం దీనిని ముప్పునకు చేరువైన జాతులలో చేర్చింది.

చిలుక పుల్లలతో గూడు కట్టదు. ముదురు చెట్టులో వడ్రంగిపిట్ట విడిచిపోయిన తొర్రనో, కొమ్మ విరిగి పుచ్చిన చోటునో వెదకుకొని, ముక్కుతో కొంచెం వెడల్పు చేసుకొంటుంది. చలికాలం వెళ్లే వేళకు గ్రుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు ఎగరగలుగుటకు సుమారు ఏడు వారాలు పడుతుంది. ఆ ఏడు వారాలే వేటగానికి పంటకాలం. రెక్కలు రాకముందు పట్టిన పిల్లయే మనిషికి మాలిమి అవుతుందని వాని లెక్క. చేతికందని తొర్రను గొడ్డలితో చీలుస్తాడు. ఒక్కొక్కప్పుడు చెట్టునే పడగొడతాడు. ఆ యేటి పిల్లలతో పాటు మరుసటి యేటి పురిటిగది కూడ పోతుంది. అట్టి తొర్ర మరల ఏర్పడుటకు ఎన్నో ఏండ్లు కావలె. బుట్టలలో కుక్కిన పిల్లలలో సంతకు చేరకముందే చచ్చేవి అనేకం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1990-91లో మన దేశపు అడవి పక్షుల వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైనది. రామచిలుకను పంజరంలో ఉంచుట నేరమే. జోస్యం చెప్పించే చిలుక కూడ ఇందుకు మినహాయింపు కాదు. అయినను ‘చిలుక పెంపుడు పక్షి’ అని వ్యాసం మొదలుపెట్టే విద్యార్థులు నేటికీ ఉన్నారు. వారికి ఆ వాక్యం ఎవరు చెప్పారో ఉపాధ్యాయులకే తెలియాలి!

పట్టుబడిన చిలుకను వెంటనే వదలిపెట్టుట దయ అనిపించుకోదు. కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి రావలె. విశాలమైన దొడ్డిలో ఎగురుట నేర్వవలె, కాయను తానే వెదకుకొనవలె, డేగను చూచి బెదరవలె. చిన్ననాటి నుండి మనిషి చేతి జామపండు తిన్న పక్షికి ఇవేవీ తెలియవు. కొన్నింటికి ఎన్నటికీ పట్టుబడవు.

జొన్నచేనిపై వాలే చిలుకల గుంపును చూచి రైతు మంచె మీద నుండి వడిసెల విసురుతాడు; అతని నష్టమూ అబద్ధం కాదు. పాత కట్టడాల గోడరంధ్రాలలో, మనుషులు అమర్చిన కొయ్యపెట్టెలలో రామచిలుక సర్దుకొంటున్నది. పెద్దచిలుక ఎక్కువగా ఆశ్రయించేది ముసలి మహావృక్షాలనే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదటి గొడ్డలి దెబ్బ తరచు వాటి మీదనే పడుతుంది.