ముక్కు సరిచేయించుకోవాలా? ఏ కొలతతో?

పెళ్లీడుకొచ్చిన బిడ్డ "నా ముక్కుకు ఆపరేషన్ చేయించండి" అని అడిగితే తల్లిదండ్రులు కలవరపడతారు. కోపగించుకోకముందు, అప్పు చేయకముందు, ఈ చికిత్స ఏమిటో తెలుసుకోవడం మంచిది.

రైనోప్లాస్టీ అనే ఈ విద్య మనకు పరాయిది కాదు. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి కట్టే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. టిప్పు సుల్తానుకు బందీగా చిక్కి ముక్కు కోల్పోయిన కవాస్‌జీ అనే ఎడ్లబండివానికి పుణె దగ్గర నుదుటి చర్మంతో ముక్కు అమర్చిన సంగతి 1794లో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. 1814లో జోసెఫ్ కార్ప్యూ అనే వైద్యుడు అదే పద్ధతిని ఇంగ్లండులో చేసి చూపాడు.

తరువాత ఉద్దేశం మారింది. 1898లో బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ అనే యూదు వైద్యుడు, అందరూ తేరిపార చూస్తున్నారని బయటికి రావడానికే సిగ్గుపడే ఒక మనిషి పెద్ద ముక్కును చిన్నది చేశాడు. మనోవేదన తీర్చడమూ వైద్యమేనని ఆయన వాదన. అది యూదుల ముక్కును వ్యంగ్యచిత్రాలు వెక్కిరించిన కాలమని మరువకూడదు.

ఆ పిమ్మట చాలాకాలం ఐరోపావారి ముఖమే అందానికి కొలబద్ద అయింది. అయితే ముక్కులన్నీ ఒక్కతీరున ఉండవు. తూర్పు ఆసియావారిలో ముక్కుదూలం తరచు పల్లంగా, మృదులాస్థి చిన్నదిగా ఉంటుంది. అక్కడ కోయడం కాదు, చేర్చడం అవసరం. అందుకు సిలికాన్ వాడతారు, లేదా రోగి చెవినుండో పక్కటెముకనుండో మృదులాస్థి తీస్తారు. సిలికాన్‌కు చీము పట్టవచ్చు, కొన్నేళ్లకు చర్మాన్ని చీల్చుకొని బయటికి రావచ్చు. ఆఫ్రికా మూలాలవారిలో చాలామందికి చర్మం మందం. లోపల ఎంత కోసినా పైకి సన్నగా కనబడదు సరికదా, ఆధారం పోయి ఊపిరి ఆడడమే కష్టం కావచ్చు. పశ్చిమాసియావారు ఎక్కువగా దూలం మీది ఎత్తును తగ్గించమని అడుగుతారు. మన దేశంలోనైతే ఒకే ఇంట్లో అన్ని తీరులూ కనబడతాయి. అందుకే నేటి మంచి వైద్యులు అందరికీ ఒకే ముక్కు అమర్చరు, ఆ ముఖానికి తగినంతే మారుస్తారు.

ఇది గర్వమని తీర్పు తీర్చడానికి తొందరపడకండి. ప్రమాదంలో నలిగిన ముక్కు, గ్రహణం మొర్రితో వంకరైన ముక్కు, కుష్ఠువ్యాధితో కుంగిన ముక్కు సరిచేస్తే ఆ మనిషి నలుగురిలో తలెత్తుకొని కూర్చుంటాడు. లోపలి గోడ వంకరైతే, దాన్ని సరిచేయడం ఊపిరి కోసమే.

కేవలం రూపం కోసమైతే బిడ్డ ముఖం ఎదుగుదల పూర్తయ్యేవరకు ఆగండి. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టవచ్చని, మందపు చర్మానికి ఇంకా ఎక్కువని, రెండవ ఆపరేషన్ అవసరం కావచ్చని తెలుసుకోండి. గాయపు మచ్చలు ఉబ్బే స్వభావం ఉంటే ముందే చెప్పండి. మనవంటి ముఖాలకు ఆ వైద్యుడు చేసిన ఆపరేషన్ల ఫోటోలు అడగండి. ఎవరికీ కనబడని లోపం బిడ్డకు మాత్రమే రాత్రింబగళ్లు కనబడుతుంటే, కత్తికంటే ముందు మానసిక వైద్యుని సలహా అవసరం.

ఇంకొక్క మాట. "చప్పిడి ముక్కు" అని బిడ్డను మొదట పిలిచింది ఎవరు? చాలాసార్లు అది ఇంటివారే, పెళ్లిచూపులకు వచ్చినవారే, ఆదివారం మన పక్కన కూర్చునేవారే. ఆ మాట మానడానికి ఏ వైద్యుడూ అక్కరలేదు.