బరాత్ బండిలో లాప్‌టాప్ మోసే బరువు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పెళ్లి బరాత్‌కైనా వినాయక నిమజ్జనానికైనా ఒకప్పుడు డప్పు, సన్నాయి, బ్యాండు మేళం వహించిన బాధ్యతలో పెద్ద భాగం ఇప్పుడు డీజే బండి మీద పడింది. డీసీఎం వ్యానులోనో ట్రాక్టర్ ట్రాలీ మీదనో వరుసగా పేర్చిన బేస్ పెట్టెలు, వాటిపైన టాపులు, వెనుక జనరేటర్, పక్కన షార్పీ లైట్లు చూపరుల కంటికి ఆనుతాయి గానీ, వీటన్నిటినీ నడిపించేది ఆపరేటర్ ముందున్న ఒక చిన్న లాప్‌టాప్. దానికి ఉండే యూఎస్‌బీ పోర్టులు సాధారణంగా రెండో మూడో మాత్రమే. వాటికి తగిలించవలసిన పరికరాలు అంతకు రెట్టింపు ఉండటం వల్ల వచ్చే చిక్కులే ఊరేగింపు నడిబజారుకు చేరిన వేళ పాట ఆగిపోవడానికి ఎక్కువసార్లు కారణమవుతున్నాయి.

ఆ పరికరాలలో మొదటిది కంట్రోలర్. వేగం పెంచే మీటలు, పాటను ముందుకూ వెనక్కూ తిప్పే చక్రాలు ఉన్న ఈ పలక, 1983లో రూపుదిద్దుకున్న మిడి అనే సంకేత భాషలో, ఏ మీట ఎంత జరిగిందో లాప్‌టాప్‌కు చెబుతుంది. రెండవది సౌండ్ కార్డు. ఇది అంకెల రూపంలో ఉన్న పాటను విద్యుత్ తరంగంగా మార్చి ఒక జత తీగల ద్వారా మిక్సర్‌కూ, మరో జత ద్వారా రాబోయే పాటను ముందుగా విని సరిచూసుకునే హెడ్‌ఫోన్‌కూ పంపుతుంది. పాటలున్న హార్డ్ డిస్కు, మౌస్, కొన్ని రకాల కార్డ్‌లెస్ మైకుల రిసీవర్ ఆ తరువాత వస్తాయి. లైట్లను కూడా అదే లాప్‌టాప్ నుంచి నడిపేవారు డీఎంఎక్స్ అనే సంకేతాన్ని పంపే డబ్బాను చేరుస్తారు. ఒక డీఎంఎక్స్ తీగ మీద 512 ఆదేశ మార్గాలుంటాయి. ఒక్కొక్క షార్పీ పదహారు మార్గాలు తీసుకుంటే ఆ తీగ మీద ముప్పై రెండు లైట్లకు చోటు దొరుకుతుంది.

ఇన్ని పరికరాలు ఒకేసారి తగిలిస్తే లాప్‌టాప్ వేగం చాలదన్న అభిప్రాయం బాగా వ్యాపించింది కానీ లెక్క చూస్తే అది నిలవదు. సీడీ స్థాయి నాణ్యత గల స్టీరియో పాటకు సెకనుకు సుమారు 14 లక్షల బిట్లు కావాలి. హెడ్‌ఫోన్ జతను కలుపుకున్నా 28 లక్షలే. మిడి తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు, డీఎంఎక్స్‌ది రెండున్నర లక్షలు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 దారి సామర్థ్యం సెకనుకు 48 కోట్ల బిట్లు. ఆచరణలో అందులో సగమే దక్కినా ఈ బరువు దానికి లెక్కలోనిది కాదు.

అసలు కొరత కరెంటుది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఒక్కో పరికరానికి ఇవ్వగలిగిన కరెంటు నియమం ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టుకైతే 900. సొంత అడాప్టర్ లేని హబ్, అంటే ఒక పోర్టును నాలుగుగా చీల్చే చవక డబ్బా, 2.0 పోర్టుకు తగిలించినప్పుడు తాను కొంత వాడుకుని ఒక్కొక్క రంధ్రానికి 100 మిల్లీ ఆంపియర్లకే హామీ ఇవ్వగలదు. లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్కు మామూలుగానే దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, తిరగడం మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ అడుగుతుంది. అప్పుడు ఆ హబ్ మీదున్న పరికరాలన్నిటికీ వోల్టేజీ పడిపోయి, సౌండ్ కార్డు ఒక్క క్షణం చచ్చి మళ్లీ బతుకుతుంది. బండి ముందున్న జనానికి ఆ క్షణం చాలా పొడవైనది. అందువల్ల సౌండ్ కార్డునూ కంట్రోలర్‌నూ హబ్ జోలికి పోనివ్వకుండా నేరుగా లాప్‌టాప్‌కే తగిలించి, మిగిలినవాటిని సొంత అడాప్టర్ గల హబ్‌కు అప్పగించి, పాటలను బయటి డిస్కులో కాక లాప్‌టాప్ లోపలి ఎస్ఎస్‌డీలోనే ఉంచుకోవడం సరైన పద్ధతి. కరెంటు ఆదా పేరుతో ఖాళీగా ఉన్న పోర్టును నిద్రపుచ్చే విండోస్ అమరికను కూడా ఆపివేయాలి.

కరెంటు తరువాత చూడవలసింది కాలం. లాప్‌టాప్ పాటను చుక్కచుక్కగా కాక దోసిళ్లతో పంపుతుంది. ఆ దోసిలినే బఫర్ అంటారు. 256 నమూనాల బఫర్ సెకనులో వెయ్యోవంతులు ఆరింటికి లోపే ఖాళీ అవుతుంది, ఆలోపు తరువాతి దోసిలి అందకపోతే చిటపటలు వినిపిస్తాయి. 512కు పెంచితే ఆలస్యం వెయ్యింట పన్నెండు వంతులకు చేరుతుంది. ధ్వని గాలిలో నాలుగు మీటర్లు నడిచేందుకు పట్టే సమయం అంతే కనుక ఊరేగింపులో దానివల్ల ఇబ్బంది లేదు.

ఇంతకంటే లోతైన చిక్కు రెండు సౌండ్ కార్డులు వాడేవారికి ఎదురవుతుంది. ప్రతి కార్డులోనూ సొంత గడియారంగా పనిచేసే స్ఫటికం ఒకటి ఉంటుంది. రెండూ సెకనుకు 44,100 నమూనాలనే ప్రకటించినా వాటి మధ్య పది లక్షలకు యాభై వంతుల తేడా ఉండటం సహజం. గంట గడిచేసరికి ఆ తేడా సుమారు ఎనిమిది వేల నమూనాలు, అంటే సెకనులో ఆరోవంతుకు పైగా పెరుగుతుంది. డప్పుల జట్టులో దరువు ఎత్తుకునేవాడు ఒకడే ఉండి మిగిలినవారు అతని చేతినీ అడుగునూ చూసి వాయిస్తారు కాబట్టి పది డప్పులు ఒక్కటిగా మోగుతాయి. రెండు కార్డులకు అటువంటి పెద్ద ఉండడు. మాక్ లాప్‌టాప్‌లో రెండింటినీ ఒకటిగా కలిపి తేడాను సవరించే సదుపాయం ఉన్నా, నాలుగు అవుట్‌పుట్‌లు గల ఒకే కార్డును నమ్ముకోవడమే మేలు. డప్పు కళాకారులకు తరతరాలుగా తెలిసిన ఈ సూత్రాన్ని డీజే ఆపరేటర్లు ఎవరూ నేర్పకుండా దెబ్బలు తిని తెలుసుకోవలసి రావడం విచారకరం.

బేస్ పెట్టెల సంఖ్యతో పేరు తెచ్చుకునే పోటీకి చట్టం ఎప్పుడో హద్దు గీసింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి పరిమితి 45. సాధారణంగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగించరాదు. మరో జత బేస్‌లకు పెట్టే డబ్బులో కొద్ది భాగం మంచి సౌండ్ కార్డుకూ హబ్‌కూ పెడితే తక్కువ శబ్దంలోనే పాట తేటగా వినిపిస్తుంది.

ఈ ప్రాంతపు వాతావరణం కూడా లాప్‌టాప్‌కు అనుకూలమైనది కాదు. చాలా లాప్‌టాప్‌లను 35 డిగ్రీల వరకు ఉండే పరిసరాల కోసం తయారుచేస్తారు. పెళ్లిళ్ల మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటిన సందర్భాలు ఎన్నో. మంటకు కాచిన డప్పు బిగిసి గట్టిగా మోగుతుంది గానీ, వేడెక్కిన ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుని దోసిళ్లు అందించలేకపోతుంది. నీడ, చిన్న ఫ్యాను, బేస్ పెట్టెల అదురు తగలకుండా కింద మందపాటి స్పాంజి తప్పనిసరి. యూఎస్‌బీ తీగ ఐదు మీటర్లు మించరాదు. దూరం పంపవలసిన ధ్వనిని బ్యాలెన్స్‌డ్ తీగ మీద, అంటే బయటి గోలను తనంతట తాను రద్దుచేసుకునే మూడు పోగుల తీగ మీద పంపాలి.

ఛార్జర్ తగిలించగానే స్పీకర్లలో వినిపించే ‘గుయ్’మనే హోరుకు తరచుగా కారణం, లాప్‌టాప్, మిక్సర్, ఆంప్లిఫైయర్ వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు కలిసి ఒక వలయంగా ఏర్పడటం. అన్ని పరికరాలనూ ఒకే బోర్డు నుంచి నడిపి, లాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే హోరు పోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టినా పోతుంది, కొందరు చేస్తున్నదీ అదే. కానీ ఆ పిన్ను లేని బండిలో జనరేటర్ కరెంటు పెట్టె ఇనుముకు దిగితే, నిమజ్జనం నాటి వానలో తడిసిన చేతితో దాన్ని తాకిన కుర్రవాడి శరీరమే ఎర్త్ అవుతుంది. డీజే బండ్ల యజమానులు ఈ సీజను బుకింగులు మొదలుకాకముందే ప్రతి ప్లగ్గునూ విప్పి చూసి, విరిగిన పిన్నులున్నవాటిని మార్చాలి.