రాతి మీద ఇద్దరి కాపురము

వనపర్తి జిల్లాలోని శ్రీరంగాపూర్, రంగసముద్రము చెరువుకు, రంగనాయకస్వామి ఆలయమునకు పేరు పొందినది. ఈ ప్రాంతమంతా గ్రానైటు జాతి రాతినేల. ఇటువంటి బండల మీద బూడిద, లేత ఆకుపచ్చ, పసుపు రంగుల మచ్చలు కనిపిస్తవి. అవి రాతికి పట్టిన మరకలని చాలమంది అనుకుంటారు. నిజానికి అవి ప్రాణమున్నవి. వాటినే లైకెనులు అంటారు. మసాలా దినుసులతో పాటు అంగళ్ళలో అమ్మే రాతిపువ్వు కూడ లైకెనే.

లైకెను ఒక మొక్క కాదు, భిన్నజీవుల కలయిక. అందులో ఒకటి శిలీంధ్రము, అనగా బూజు, పుట్టగొడుగుల వర్గమునకు చెందినది. రెండవది శైవలము, అనగా నాచు వంటిది. కొన్నింటిలో శైవలమునకు బదులు సయనోబాక్టీరియా ఉంటుంది. శిలీంధ్రమునకు పత్రహరితము లేదు గనుక అది తన ఆహారమును తాను తయారుచేసుకొనలేదు. శైవలమునకు పత్రహరితమున్నది గాని, ఎండకు కాగే బండ మీద నీడ లేదు. కనుక శిలీంధ్రపు పోగులు అల్లుకొని ఇల్లు కట్టి, రాతిని పట్టుకొని, తేమను పీల్చి ఇస్తవి. ఆ ఇంటి కప్పు క్రింద శైవలము సూర్యకాంతితో చక్కెర జాతి పదార్థములను చేసి, వానిలో చాల భాగమును శిలీంధ్రమునకు ఇస్తుంది. వేసవిలో రెండును ఎండి నిద్రపోతవి. వాన చినుకు పడగానే తిరిగి పనికి పూనుకుంటవి.

లైకెను జంటజీవి అని 1867లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు ష్వెండెనర్ ప్రకటించినపుడు, నైలాండర్ వంటి లైకెను నిపుణులు అంగీకరించలేదు. శిలీంధ్రము యజమాని, శైవలములు దాని బానిసలు అని ష్వెండెనర్ భావించినాడు. జర్మనీకి చెందిన డి బారీ 1878లో ఇట్టి కలయికలకు సహజీవనము అనే విశాలమైన పేరు వాడుకలోకి తెచ్చినాడు. ఇది స్నేహమా, దాస్యమా అనే చర్చ నేటికీ ముగియలేదు. కొన్ని లైకెనుల పైపొరలో ఈస్టు జాతి శిలీంధ్రము కూడ ఉన్నదని 2016లో తెలిసినది.

విద్యార్థులు ఎండిన లైకెను మీద రెండు చుక్కల నీరు వేసి చూడవచ్చును. తరచుగా కొద్దిసేపటిలోనే ఆకుపచ్చదనము పైకి తేలుతుంది. తడిసిన పైపొర పారదర్శకమై, లోపలి శైవలము కనిపించుటయే దీనికి కారణము.

చూచుటకు దానిని గీకి తీయనక్కరలేదు. రాతిని అంటిపెట్టుకొని పెరిగే లైకెనులలో చాలవరకు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడ విస్తరించవు. అరచేయంత మచ్చ ఏర్పడుటకు దశాబ్దములు పట్టును. బండ మీద పేరు చెక్కుటకు నిమిషము చాలును.