మౌసు తన పేరు ఎలా చెబుతుంది?

అనకాపల్లి అనగానే మీకు బెల్లం గుర్తుకొస్తుంది. ఆ ఊళ్ళో 1913లో నెలకొల్పిన చెరకు పరిశోధనా కేంద్రం కూడా ఉంది. అక్కడ రూపొందిన ఒక చెరకు రకం పేరు 87ఎ298. బస్సు నంబరులా ఉంది కదూ! 87 సంవత్సరానికి గుర్తు. ‘ఎ’ అంటే అనకాపల్లి. 298 వరుస సంఖ్య. చెరకు గడకు నోరు లేదు. అయినా ఈ గుర్తు తెలిస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు కేంద్రం రికార్డుల్లో వెతుక్కోవచ్చు.

కంప్యూటరుకు మౌసు తగిలించినప్పుడు జరిగేదీ ఇంచుమించు ఇదే. తేడా ఒక్కటే. మౌసు తన నంబరు తానే చెబుతుంది!

ఎలాగంటారా? 1996లో వచ్చిన యు.ఎస్.బి. తీగలో నాలుగు సన్నని తీగలుంటాయి. రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. తగిలించగానే మౌసు సమాచారపు తీగల్లో ఒకదాని వోల్టేజీని పైకి లేపుతుంది. బడిలో చెయ్యెత్తడం లాంటిదన్నమాట. కంప్యూటరు గమనించి, “ఎవరు నువ్వు?” అని అడుగుతుంది. జవాబుగా 18 బైట్ల చిన్న చీటీ వస్తుంది. అందులో రెండు సంఖ్యలు ముఖ్యం: తయారు చేసిన సంస్థది ఒకటి, వస్తువు రకానిది ఒకటి. ఉదాహరణకు 04బి8 అని ఉంటే అది ఎప్సన్ కంపెనీ వస్తువు. (ఇక్కడ ‘బి’ కూడా అంకెే, దాని విలువ 11.)

సంఖ్య తెలిశాక డ్రైవరు కావాలి. డ్రైవరంటే బండి తోలేవాడనుకునేరు! ఇది దుబాసీ లాంటి ప్రోగ్రాము. కంప్యూటరు మాటను పరికరానికి, పరికరం మాటను కంప్యూటరుకు చేరవేస్తుంది. మౌసులు, కీబోర్డులు, పెన్‌డ్రైవులు అందరికీ తెలిసిన ఉమ్మడి భాషే మాట్లాడతాయి కనుక వాటికి చిక్కు లేదు. చిక్కంతా పాత ప్రింటర్లతో, స్కానర్లతోనే. దుబాసీ ఉన్న సి.డి. పోతుంది. కంపెనీ కొత్త కంప్యూటర్లకు తగిన డ్రైవరు రాయడం మానేస్తుంది. యంత్రం నిక్షేపంలా ఉన్నా మూగదై మూల చేరుతుంది. ఎంత అన్యాయం!

ఇక్కడే పదిమంది సాయం అక్కరకొస్తుంది. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్సులో డ్రైవర్ల రాత బహిరంగంగా ఉంటుంది. ఎవరైనా చదివి సరిదిద్దవచ్చు. ఫ్రాన్సులో ఒక వైద్యుడు తీరిక వేళల్లో రెండు వందలకు పైగా వెబ్‌కెమెరాలను పనిచేయించే డ్రైవరు రాశాడు. అన్ని కెమెరాలా అని ఆశ్చర్యపోకండి. పైన పేర్లు వేరైనా చాలావాటి లోపల ఉన్నవి ఒకే రకం చిప్పులు! అలాంటప్పుడు ఉన్న డ్రైవరు జాబితాలో కొత్త సంఖ్య ఒక్క వరుస చేర్చినా కొన్నిసార్లు సరిపోతుంది.

అయితే దొరికిన డ్రైవరునల్లా ఎక్కించకండి. అది కంప్యూటరు గుండెకాయ దగ్గర పనిచేస్తుంది. దొంగ దుబాసీ ఇల్లు దోచగలడు. కంపెనీ దగ్గరి నుంచో, ఆపరేటింగ్ సిస్టమ్ నుంచో వచ్చినదే వాడండి.

రేపు బడిలో, మాస్టారి అనుమతితో, విండోస్ కంప్యూటరులో ‘డివైస్ మేనేజర్’ తెరవండి. మౌసు వివరాల్లో ‘హార్డ్‌వేర్ ఐడి’ చూస్తే వి.ఐ.డి., పి.ఐ.డి. అన్న రెండు సంఖ్యలు కనబడతాయి. ప్రింటరువి కూడా చూసి నోట్సులో రాసిపెట్టుకోండి. సి.డి. పోయిన రోజున వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.