ఎర్ర ఇటుకల ఇల్లు

లండను నగరపు ఆగ్నేయ శివారున, బెక్స్‌లీహీత్‌లో, సామాన్య గృహముల నడుమ ప్రహరీగోడ చాటున ‘రెడ్ హౌస్’ అను ఇల్లొకటి కలదు. యంత్రముల సరకుతో అంగళ్లు నిండిపోయిన ఆ కాలమున, చేతిపనికి పూర్వగౌరవమును తిరిగి తేవలెనని తలచిన విలియం మోరిస్, నవవధువుతో కాపురముండుటకై, మిత్రుడైన ఫిలిప్ వెబ్ చేత 1859లో దీనిని కట్టింప నారంభించెను. మరుసటి యేడు అందు ప్రవేశించెను.

నాటి సంపన్నులు గచ్చుపూతతో ఇటుకను మరుగుపరచుచుండగా, ఇచట ఇటుక ఇటుకగానే కానవచ్చును. కిటికీలు సైతము వెలుపలి సౌష్ఠవమునకు గాక, లోపలి గది యవసరమునకు లోబడి, ఒకచోట పొడవుగను, వేరొకచోట గుండ్రముగను అమరినవి. ఆంగ్ల ‘ఎల్’ అక్షరము వలె మలుపు తిరిగిన ఆ గృహపు ఒడిలో, శంఖాకారపు పెంకుల కప్పును గొడుగుగా ధరించిన బావి యున్నది. లోపల ఓకు కఱ్ఱ మెట్లదారి మలుపులందలి కంబములు చిన్న శిఖరముల వలె పైకి లేచును. పైకప్పు గచ్చు పచ్చిగా నున్నప్పుడే పొడిచిన చుక్కలు, ముగ్గుచుక్కల వలె, రంగులద్దువారికి నేటికిని దారి చూపగలవు.

దోషము లేకపోలేదు: ముఖ్యమైన గదులు ఉత్తరాభిముఖములగుటచే చలి యెక్కువ. 1865లోనే మోరిస్ దానిని వీడెను. అయినను, ఈ యింటిని అలంకరించిన పనియే 1861లో ఆయన నెలకొల్పిన అలంకరణ సంస్థకు బీజమయ్యెను. ప్రథమశ్రేణి రక్షితకట్టడమైన ఈ గృహము 2003 నుండి నేషనల్ ట్రస్టు అధీనమున నున్నది.