తాండ్ర చిలకలు

ఉంగుటూరు అని మ్యాపులో వెతికితే ఒకటికి మించి కనిపిస్తాయి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో ఒకటుంది. ఎన్నికలప్పుడు టీవీలో వినిపించే నియోజకవర్గం అదే. నేను చెప్పబోయేది కృష్ణా జిల్లా ఉంగుటూరు. సెలవులకు వచ్చి గన్నవరంలో విమానం దిగి, హైవే మీద ఏలూరు వైపు కారెక్కితే కాసేపటికి తేలప్రోలు వస్తుంది. అది ఈ మండలమే. అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్తే నూజివీడు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది, ఉంగుటూరు కృష్ణాలోనే ఉండిపోయింది. మామిడి చెట్లకు మాత్రం ఈ విభజన సంగతి ఇంకా తెలియదు.

ఇంట్లో పిల్లలతో కలిసి చేసుకునే మిఠాయి గురించి రాయమని సంచికవాళ్లు అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చింది అక్కడి మామిడి తాండ్ర. కాగితం చుట్టిన చాక్లెట్టు ఊళ్లలో ప్రతి కొట్టుకూ చేరకముందు ఎండాకాలం పిల్లల మిఠాయి అదే. అది కొనుక్కునేది కాదు, కళ్లముందు తయారవుతుంటే కాపలా కాసి సంపాదించుకునేది.

తాండ్ర సంగతి చెప్పాలంటే ముందు రసాల సంగతి చెప్పాలి. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం, పంచదార కలశ. ఇవి ముక్కలు కోసుకుని ఫోర్కుతో తినే పళ్లు కావు. పండును కాసేపు చల్లటి నీళ్లలో వేసి ఉంచుతారు. తరవాత రెండు చేతుల మధ్యా పెట్టుకుని, తొక్క చిట్లకుండా, చుట్టూ తిప్పుతూ మెల్లగా పిసుకుతారు. లోపల గుజ్జు టెంక నుంచి విడిపోయి జారుతున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు ముచ్చిక తీసి, మొదట వచ్చే నాలుగు చుక్కలూ పిండి పారబోయాలి. అది సొన. పెదవికి తగిలితే మండుతుంది, పుండూ పడుతుంది. ఆ తరవాత పండును నోటికి పెట్టుకోవడమే. మోచేతి దాకా కారకుండా రసం తిన్న పిల్లాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఆఖరున టెంక చీకేటప్పుడు పళ్ల సందుల్లో పీచు ఇరుక్కుంటుంది. దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు.

ఇంత మంచి పండుకు ఉన్న లోపం ఒక్కటే, ప్రయాణం చేయలేదు. తొక్క పలచన, లోపలంతా నీరు, మగ్గాక రెండు మూడు రోజులకే మెత్తబడిపోతుంది. దూరాలకు వెళ్లేది బంగినపల్లి. దానికి తొక్క గట్టి, కండ గట్టి, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. భారతదేశపు మామిడికి చాలా ఏళ్లు మూసి ఉన్న అమెరికా మార్కెట్టు 2007లో తెరుచుకుంది. పళ్ల టెంకల్లో ఉండే పురుగు వృద్ధి కాకుండా రేడియేషన్ పట్టించి పంపాలన్నది అందులో షరతు. సూట్‌కేసులో నాలుగు పళ్లు పెట్టుకుని దిగుదామంటే అక్కడి విమానాశ్రయంలో తీసి పారేస్తారు. అందుకే విదేశాల్లో ఉన్న మీలో చాలామంది బంగినపల్లి తినే ఉంటారు. రసం రుచి చూసినవాళ్లు మాత్రం ఎండాకాలంలో ఊరికొచ్చినవాళ్లే. రసం దాటలేని సముద్రాన్ని తాండ్ర దాటుతుంది.

పాత పద్ధతిలో తాండ్ర పోయడం అంటే ఒక్కరోజు పని కాదు. ఎండుగడ్డిలో మగ్గబెట్టిన రసాలను పిండి, జల్లెడలో పీచు వడకట్టి, బెల్లమో పంచదారో కలిపి, డాబా మీద పరిచిన చాప మీద పలచగా పోస్తారు. సాయంత్రానికి అది పైపొర కట్టుకుంటుంది. మర్నాడు దానిమీద ఇంకో పూత, ఆ మర్నాడు ఇంకోటి. అట్టలాగా మందం వచ్చేసరికి వారాలు పడుతుంది. తాండ్రకు పేరు మోసిన గోదావరి గట్టున ఆత్రేయపురంలో అయినా, విజయనగరం వైపు భీమాళిలో అయినా పద్ధతి ఇంచుమించు ఇదే. ఎన్ని పూతలు పోశారన్నది కోసిన ముక్క అంచు చూస్తే తెలుస్తుంది, సన్నని గీతలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పై పొరలు లేత పసుపు, అడుగుకు వెళ్లేకొద్దీ ముదురు గోధుమ. ముందు పోసిన పూతకు ఎక్కువ రోజులు ఎండ తగిలింది కాబట్టి దాని రంగు అలా మారుతుంది.

ఈ వారాలన్నీ డాబా మీద కాపలా పిల్లలది. కాకులు, ఉడతలు, అప్పుడప్పుడూ కోతులు. చీమలు సరేసరి. పలచటి పంచె కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, నీడ పట్టున ఒక కర్రతో పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్లు. అంచులు ఎందుకు తరిగిపోతున్నాయో అమ్మమ్మలకు తెలియక కాదు, కూలి కింద వదిలేసేవాళ్లంతే. అసలు భయం గాలివానకు. మేలో మబ్బు కమ్మితే పెద్దా చిన్నా అందరూ డాబా మీదకే పరుగు. ఒక్క జల్లు పడిందంటే ఆ పూత బూజు పట్టినట్టే.

మీకు డాబా లేదు, ఆ ఎండ కూడా ఉండకపోవచ్చు. ఆస్ట్రేలియా పిల్లలది వేరే సంగతి. మీకు డిసెంబరులో ఎండా ఉంటుంది, క్వీన్స్‌ల్యాండ్ మామిడీ ఉంటుంది. మీరు నేరుగా మా పద్ధతే పట్టొచ్చు. మిగిలినవాళ్లకు ఓవెన్ ఉంది.

పండు ఏది తెచ్చుకోవాలి? అమెరికాలో వసంతం నుంచి వేసవి దాకా మెక్సికో నుంచి అటాల్ఫో అనే చిన్న పసుపు మామిడి వస్తుంది. పీచు తక్కువ, తీపిలో చిన్న పులుపు. తాండ్రకు అదే మేలు. సూపర్ మార్కెట్లో ఎర్రగా నిగనిగలాడే పెద్దపండు టామీ అట్కిన్స్. అందం ఎక్కువ, రుచి తక్కువ అని నా అభిప్రాయం. కానీ దాన్ని మరీ పరాయిదనుకోకండి. 1889లో ముల్గోబా అనే మన దేశపు మామిడి మొక్కల్ని అమెరికా వ్యవసాయ శాఖ ఫ్లోరిడాకు తెప్పించింది. ఆ ముల్గోబా టెంక మొలిచి హేడెన్ అనే కొత్త రకం పుట్టింది. టామీ అట్కిన్స్ ఆ హేడెన్ సంతతే అంటారు శాస్త్రవేత్తలు. అంటే మూడో తరం ప్రవాసి అన్నమాట, మీలాగే. పండు దొరకని నెలల్లో ఇండియన్ స్టోరులో దొరికే గుజ్జు డబ్బా వాడండి. అందులో ముందే పంచదార కలిపి ఉంటే మళ్లీ వేయకండి.

రెండు కప్పుల గుజ్జుకు మూడు నాలుగు చెంచాల బెల్లం తురుము, ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు. నిమ్మరసం రంగు కాపాడుతుంది, తీపి మొహం మొత్తకుండానూ చూస్తుంది. ఈ గుజ్జును సన్న సెగ మీద, అడుగంటకుండా తిప్పుతూ, గరిటెతో గీత గీస్తే కాసేపు నిలిచేదాకా ఉడికించాలి. ఇది పెద్దవాళ్ల పని, మామిడి గుజ్జు ఉడికేటప్పుడు బుడగ చిట్లి చేతిమీద పడితే చుర్రుమంటుంది. చల్లారాక మిగతాదంతా పిల్లలదే. బేకింగ్ పళ్లెంలో సిలికాన్ షీటు పరిచి, దానిమీద పోసి, గరిటె వీపుతో రూపాయి బిళ్ల కన్నా కొంచెం మందంగా పరచండి. అంచులు ముందు ఎండిపోతాయి కాబట్టి అక్కడ ఒక పిసరు మందం ఎక్కువ ఉంచండి. ఓవెన్ 170 ఫారెన్‌హీట్, అంటే సుమారు 77 సెల్సియస్. ఆవిరి పోవడానికి తలుపు సందులో చెక్క గరిటె ఇరికించండి. మూడు గంటలు పట్టొచ్చు, ఆరు గంటలూ పట్టొచ్చు. మధ్యలో వేలు పెడితే అంటుకోకపోతే, ఒక మూల పట్టుకుని లాగితే చర్మంలా లేచి వస్తే అయిపోయినట్టు.

ఇక ఆట మొదలు. అమ్మమ్మలు తాండ్రను పలకల్లాగా కోసి డబ్బాకెత్తేవాళ్లు. మీరు కుకీ కట్టర్లతో చిలకలు కోయండి. చిలక కొట్టిన పండు తియ్యగా ఉంటుందని మనవాళ్ల నమ్మకం, కాబట్టి మామిడితో చిలకను చేయడం న్యాయమే. కన్నుకు ఒక లవంగం గుచ్చొచ్చు, తినేటప్పుడు తీసేయాలి. నువ్వులు అద్దితే ఇంకా సులువు. ముక్కుకు బీట్‌రూట్ రసం ఒక చుక్క. పక్క ఇంట్లో మెక్సికో పిల్లలుంటే వాళ్లు మామిడి మీద కారం చల్లుకోవడం మీరు చూసే ఉంటారు. మన ఊళ్లలో పచ్చిమామిడి ముక్కకు ఉప్పూకారం అద్దినట్టే తాండ్రకూ అద్ది చూడండి. ఈ విషయంలో రెండు దేశాలకూ తగువు లేదు.

ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్లకు తాండ్ర ముగ్గు. ఉడికించిన గుజ్జును సన్న మూతి ఉన్న సాస్ సీసాలో పోసి, సిలికాన్ షీటు మీద నాలుగు చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికల ముగ్గు పిండండి. గీత తెగకూడదు. ఒకదాన్నొకటి దాటే చోట్ల కొంచెం ఎక్కువ గుజ్జు పడాలి, లేకపోతే తీసేటప్పుడు అక్కడే విరుగుతుంది. సన్న గీతలు కాబట్టి త్వరగానే ఎండుతుంది. షీటును బోర్లించి వెనక నుంచి ఒలిస్తే ముగ్గు మొత్తం జాలీలా చేతిలోకి వస్తుంది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే కాషాయం రంగులో వెలుగుతుంది. వాకిట్లో పిండి ముగ్గు చీమలకు, ఈ ముగ్గు మనకు.

చిలక అన్నాం కాబట్టి పంచదార చిలకల్ని దాటిపోలేను. తిరనాళ్లలో, పెళ్లి సారెలో, బొమ్మల కొలువు పళ్లేల్లో తెల్లగా, గులాబీ రంగులో కనిపించే మిఠాయి బొమ్మలు అవి. చెక్కలో చిలకను రెండు సగాలుగా తొలిచి, ఆ అచ్చును ముందు నీళ్లలో నానబెడతారు, పంచదార అంటుకోకుండా. రెండు సగాలూ కలిపి తాడుతో బిగించి, పై కన్నంలోంచి పాకం పోస్తారు. కిటుకంతా పాకంలోనే ఉంది. ఊరికే పోస్తే గాజులా గట్టిపడి అచ్చులోనే ఉండిపోతుంది. గిన్నె అంచుకేసి గరిటెతో రాపాడిస్తే పంచదార మళ్లీ సన్న పలుకు కడుతుంది, పాకం తెల్లగా మసకబారుతుంది. సరిగ్గా ఆ క్షణంలో పోయాలి. కాస్త ఆగితే గిన్నెలోనే గడ్డకడుతుంది. కర్ణాటకలో సంక్రాంతికి చేసే సక్కరె అచ్చు కూడా ఇలాంటిదే. మెక్సికోలో చనిపోయినవాళ్ల పండగకు పంచదారతో పుర్రెలు చేస్తారు. అక్కడ పుర్రె, ఇక్కడ చిలక, లోపల అదే పంచదార.

పాకాలు చూడటం మాత్రం పిల్లలు తప్పక నేర్చుకోవాలి, దూరం నుంచైనా. మన ఇళ్లలో పక్కన పళ్లెంలో నీళ్లు పెట్టుకుని అందులో చుక్క వేసి చూస్తారు. వేళ్ల మధ్య సాగితే తీగపాకం, మీ క్యాండీ థర్మామీటరులో అది 110 సెల్సియస్ దగ్గర. నీళ్లలో మెత్తటి ఉండ అయితే 115 ప్రాంతం. పళ్లేనికి కొడితే ఠంగుమని మోగితే ముదురు పాకం, 150. వేరుశెనగ పట్టీకి అది కావాలి. థర్మామీటరును తప్పుపట్టను గాని, చప్పుడు విని పొయ్యి ఆర్పే మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆ వేడి పాకం నీళ్లకన్నా ఎంతో ఎక్కువ కాలుస్తుంది, చర్మానికి అంటుకుని వదలదు. అందుకే చిలకల పాకం పోసే పని పెద్దవాళ్లదే. అచ్చు విప్పే పని మీది.

పొయ్యి లేకుండా అయిపోయేవీ ఉన్నాయి. కొత్త చింతపండు గింజ తీసి, బెల్లం, ఉప్పు, కారం, వేయించిన జీలకర్ర వేసి రోట్లో దంచి, ఉండచేసి పుల్లకు గుచ్చితే మా కాలం లాలీపాప్. మాకది చీపురు పుల్ల, మీరు ఐస్‌క్రీం పుల్ల వాడండి. చలికాలంలో రేగుపళ్లను ఇలాగే దంచి ఎండబెడితే రేగు వడియాలు. అవి మీ దగ్గర చేసుకోవడం కష్టం, ఇండియన్ స్టోరులో కనబడితే వదలకండి.

తాండ్ర ముక్కలకు నెయ్యి రాసిన కాగితం అడ్డం పెట్టి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే నెలలపాటు నిలుస్తాయి. నిలవనిస్తే.

చివరగా ఒక మాట. ఊరికి రావాలనుకుంటే బంగినపల్లి కోసం రావద్దు, అది మీ దగ్గరకే వస్తుంది. రసాల కోసం రండి. మీకు బళ్లు మూసేసరికి జూను వచ్చేస్తుందని తెలుసు. మొదటి వారంలోనే టికెట్లు తీయమని ఇంట్లో పోరుపెట్టండి, తొలకరి వానలు ముదిరితే ఆ ఏడాదికి రసాల కథ ముగిసినట్టే.