కొండ మీద వెలుగు, కొండ కింద రోగి

"అయ్యగారూ, ఆ రాత్రి నాకు కనిపించింది దేవుడు కాదంటారా?"

కోనసీమలోని ఒక పల్లెలో, కొబ్బరి తోట మధ్య పెంకుటింటి అరుగు మీద కూర్చుని, ఇరవై నాలుగేళ్ల అబ్బాయి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. తల్లి పన్నెండేళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి పంపిన డబ్బుతో ఇంజనీరింగ్ చదివాడు. బెంగళూరులో ఉద్యోగం. అక్కడ స్నేహితుల గదిలో ఒక రాత్రి గోరంత కాగితం ముక్క నాలుక కింద పెట్టుకున్నాడు. దాన్ని వాళ్లు 'స్టాంపు' అంటారట. అసలు పేరు ఎల్‌ఎస్‌డీ. గోడలు ఊపిరి తీసుకున్నాయని, సండే స్కూల్లో నేర్చుకున్న పాటలు రంగులై కదిలాయని, తనను ఎవరో పేరుపెట్టి పిలిచారని చెప్పాడు. ఏడ్చి ఏడ్చి తెల్లవారేసరికి మనసు కడిగినట్టయిందన్నాడు. ఇరవై ఏళ్లు చర్చికి వెళ్లినా కలగనిది ఆ ఒక్క రాత్రి కలిగిందన్నాడు. ఆ మాట వినగానే మా పక్కనున్న సంఘ పెద్ద "స్తోత్రం, స్తోత్రం" అంటూ ముఖం తిప్పుకున్నారు. మేము తిప్పుకోలేకపోయాం. ఆ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. మళ్లీ మూడుసార్లు తీసుకున్నాడు. చివరిసారి మత్తు దిగినా స్వరం దిగలేదు. పగలూ రాత్రీ మాటలు వినిపించాయి. ఆఫీసులో అందరూ తన మీద కన్నేశారని అనుమానం. నిద్ర లేదు. ఉద్యోగం వదిలి ఇంటికొచ్చేశాడు. తల్లి మానసిక వైద్యుడికి చూపించింది. మాత్రలు పడ్డాక పది రోజులకు కాస్త నెమ్మదించాడు. అంతలో ఎవరో ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్లారు. అక్కడ విశ్వాసం ఉంటే మాత్రలు పారెయ్యమన్నారు. ఆమె పారేసింది. తొమ్మిదో రోజు రాత్రి అతను పీకల్లోతు కాలువలోకి దిగి నడుస్తుంటే లాకుల దగ్గర ఎవరో చూసి ఒడ్డుకు లాగారు. మాకు కబురు వచ్చింది ఆ మర్నాడే.

గోదావరి జిల్లాల్లో ఇదివరకు మత్తు అంటే సారా. తర్వాత గంజాయి వచ్చింది. విశాఖ మన్యంలో పండి, మారేడుమిల్లి ఘాట్ రోడ్డు మీదుగానో జాతీయ రహదారి మీదుగానో మన ఊళ్లను దాటుకుంటూ దేశమంతా వెళ్లింది. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో పోలీసులు ఆ తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. ఈ స్టాంపుల సంగతి వేరు. ఇవి మన మన్యంలో పండవు, సంచుల్లో రావు. పెద్ద నగరాల్లో చదివే, ఉద్యోగాలు చేసే మన పిల్లల పర్సుల్లో ఇంటికి వస్తాయి. వాటిని అమ్మేవాళ్లు మత్తు అనరు. జ్ఞానోదయం అంటారు, మనోగాయాలకు మందు అంటారు. అందులో కొంత నిజం కూడా కలిసి ఉంది కనుకనే ఈ విషయం రాయవలసి వచ్చింది.

1962 ఏప్రిల్ 20. గుడ్ ఫ్రైడే. మన చర్చిల్లో తెల్లబట్టలు కట్టుకుని ఏడు మాటలు ధ్యానించే రోజు. అమెరికాలో బోస్టన్ విశ్వవిద్యాలయం వారి మార్ష్ చాపెల్‌లో హోవార్డ్ థర్మన్ ఆరాధన నడిపిస్తున్నారు. 1936లో మన దేశానికి వచ్చి గాంధీజీని కలిసిన నల్లజాతి బోధకుడే ఈయన. కింది అంతస్తులోని చిన్న చాపెల్‌లో ఇరవైమంది వేదాంత విద్యార్థులు స్పీకర్లలో ఆ ఆరాధన వింటున్నారు. వారిలో పదిమందికి సైలోసైబిన్ ఇచ్చారు. ఒక రకం పుట్టగొడుగుల్లో ఉండే పదార్థం అది, ఎల్‌ఎస్‌డీకి దగ్గరి చుట్టం. మిగిలిన పదిమందికి ఒళ్లు వెచ్చబడే విటమిన్ మాత్రమే. ఈ ప్రయోగం చేసినది వాల్టర్ పాంకే. ఆయన వైద్యుడు, సేవకుడు కూడా. మందు తీసుకున్న పదిమందిలో అత్యధికులు తమకు లోతైన దైవానుభవం కలిగిందన్నారు. విటమిన్ తీసుకున్నవారిలో అలా చెప్పినవారు దాదాపు లేరు.

ఇంతవరకు అందరూ చెబుతారు. తర్వాతిది చెప్పరు. ఆ పదిమందిలో ఒకడు కలవరపడి చాపెల్ వదిలి వీధిలోకి వెళ్లిపోయాడు. అతణ్ణి పట్టి తెచ్చి క్లోర్‌ప్రోమజిన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి వచ్చింది. మన పిచ్చాసుపత్రుల్లో దశాబ్దాలుగా వాడిన మందే అది. ఆ ఇంజెక్షన్ సంగతి పాంకే తన నివేదికలో రాయలేదు. పాతికేళ్ల తర్వాత రిక్ డాబ్లిన్ అనే పరిశోధకుడు ఆ విద్యార్థులను వెతికి మాట్లాడి, 1991లో బయటపెట్టాడు. అదే డాబ్లిన్ ఇంకో మాట కూడా నిజాయితీగా రాశాడు. మందు తీసుకున్న వారిలో చాలామంది ముసలితనం దగ్గరపడుతున్నా ఆ రోజును తమ ఆత్మీయ జీవితంలో మేలైన రోజుగానే తలచుకున్నారట. అయితే ఆ గంటల్లో చచ్చిపోతున్నామనో మతి పోతోందనో భయపడినవారే వారిలో ఎక్కువ.

కనుక 'అంతా సాతాను మాయ' అని ఒక్క ముక్కలో తీసిపారెయ్యడానికి మా మనస్సాక్షి ఒప్పుకోదు. ఇటీవలి వైద్య పరిశోధనలు కూడా ఒప్పుకోనివ్వవు. 2016లో అమెరికాలో రెండు విశ్వవిద్యాలయాల వైద్యులు, చావు భయంతో కుంగిపోయిన క్యాన్సర్ రోగులకు సైలోసైబిన్ ఇచ్చి చూశారు. చాలామందిలో దిగులు, భయం నెలల తరబడి తగ్గాయి. 2022లో వేరే మందులకు లొంగని కుంగుబాటుతో ఉన్న 233 మందిపై జరిగిన పరీక్షలో, పూర్తి మోతాదు తీసుకున్నవారిలో మూడు వారాలకు 29 శాతం మంది కోలుకున్నారు. నామమాత్రపు మోతాదు వారిలో 8 శాతమే. తేడా ఉంది. కానీ నూటికి డెబ్బై మంది కోలుకోలేదన్నది కూడా అదే లెక్క చెబుతోంది. ఆస్ట్రేలియా 2023 జూలై నుంచి కొందరు మానసిక వైద్యులకు దీన్ని రాసే అనుమతి ఇచ్చింది. మన దేశంలో ఆ అనుమతి లేదు. మత్తుగా పేరుపడ్డ మరో మందు కెటమిన్‌ను మాత్రం మొండి కుంగుబాటుకు ఇక్కడి వైద్యులు కొందరు ఆస్పత్రిలో, తమ కళ్లెదుటే ఇస్తున్నారు.

ఆ పరిశోధనల్లో ఎవరిని పడితే వారిని చేర్చుకోరు. రోగికి గానీ, రక్తసంబంధీకులకు గానీ మతిభ్రమణం, ఉన్మాదం వచ్చి ఉంటే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. గుండె, రక్తపోటు చూస్తారు. ముందు కొన్ని రోజులు మాట్లాడతారు. మందు ఇచ్చిన ఆరేడు గంటలూ శిక్షణ పొందినవారు పక్కనే కూర్చుంటారు. తర్వాత మళ్లీ మాట్లాడతారు. స్నేహితుల గదిలో ఇవేవీ ఉండవు. ఆ కాగితం మీద ఉన్నది ఎల్‌ఎస్‌డీయేనన్న భరోసా కూడా లేదు. దాని పేరున అమ్మే 'ఎన్‌బోమ్' రకం రసాయనాలకు ప్రాణాలు పోయాయి. లిథియం మాత్రలు వాడేవారు ఇలాంటివి తీసుకుంటే ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి.

దేవుడు చేసిన మొక్కలో, బూజులో కీడెలా ఉంటుందని ఆ అబ్బాయి వాదించాడు. మంచి ప్రశ్నే. ఎల్‌ఎస్‌డీకి మూలం రై ధాన్యపు కంకులకు పట్టే 'ఎర్గాట్' అనే బూజు. మధ్యయుగంలో ఆ బూజు పట్టిన రొట్టె తిని ఐరోపాలో ఎంతోమంది కాళ్లూ చేతులూ కుళ్లి, మతి చెడి చనిపోయారు. దానికి 'సెయింట్ ఆంథోనీ అగ్ని' అని పేరు. ఆ రోగులకు సేవ చేయడానికే ఒక సన్యాసుల సంఘం పుట్టింది. ఆ బూజు నుంచే మెథర్జిన్ వచ్చింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగక ప్రాణం పోయే తల్లిని బతికించే ఇంజెక్షన్ అది. మన సంఘాల్లో నర్సులకు కొదవలేదు, ప్రసూతి వార్డులో పనిచేసిన ఏ సహోదరిని అడిగినా చెబుతుంది. మన కాలువగట్ల మీద పెరిగే ఉమ్మెత్తను చూడండి. దాని గింజలు తిన్నవాడు లేనిదాన్ని ఉన్నట్టు చూస్తాడు, ఒళ్లు తెలియక చచ్చిపోనూవచ్చు. అందులోని ఎట్రోపినే, పురుగుమందు తాగిన రైతును ఆస్పత్రిలో బతికిస్తుంది. అదే మొక్క. ఎవరు ఇస్తున్నారు, ఎవరికి, ఎంత అన్నదే తేడా.

ఇక దర్శనం సంగతి. యేసు ప్రభువు ముగ్గురు శిష్యులను ఎత్తయిన కొండ మీదికి తీసుకెళ్లాడు (మార్కు 9). ఆయన వస్త్రాలు వెలిగిపోయాయి. మోషే, ఏలీయా కనిపించారు. పేతురుకు అక్కడే ఉండిపోవాలనిపించింది, పర్ణశాలలు కడతానన్నాడు. ఏమి చెప్పాలో తెలియక అన్నాడని మార్కు రాశాడు. మార్కు మొహమాటపడడు. కానీ ప్రభువు వారిని దించాడు. కింద ఏముంది? ఒక తండ్రి, నురుగు కక్కుతూ నేలమీద పడి దొర్లే కొడుకు. నిప్పుల్లోనూ నీళ్లలోనూ పడిపోయే పిల్లవాడు. కాలువ గట్టున నిలబడి ఆ భాగం తలచుకున్నప్పుడు మాకు ఒళ్లు జలదరించింది.

ప్రార్థన వల్లనే తప్ప ఇది వదలదని ప్రభువు చెప్పిన మాట అక్కడే ఉంది. దాన్ని చూపించే చాలామంది మాత్రలు మాన్పిస్తారు. దానికి కొన్ని వచనాల ముందే ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ చదివినట్టు లేరు. బాగు చేయకముందు ప్రభువు తండ్రిని అడిగాడు, ఇది ఎంతకాలం నుంచి అని (మార్కు 9:21). అన్నీ తెలిసినవాడు అడిగాడు! ఏ డాక్టరైనా మొదట అడిగే ప్రశ్న అదే కదా. మేమూ ఆ తల్లిని అదే అడిగాం. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని కూడా అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన తమ్ముడికి ఇరవై ఏళ్ల కిందట 'గాలి సోకింద'ని, ఇల్లు విడిచి వెళ్లి తిరిగిరాలేదని చెప్పింది. ఆ అబ్బాయికి మేనమామ. ఆ కుటుంబంలో ఎవరూ ఆ స్టాంపు జోలికి వెళ్లకూడదని చెప్పగలిగిన ఒకే ఒక్క సంగతి ఇరవై ఏళ్లుగా సిగ్గుతో మూసిపెట్టి ఉంది.

సిలువ వేసే ముందు బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే ప్రభువు పుచ్చుకోలేదని చెప్పి, క్రైస్తవుడికి మందే వద్దనేవారూ ఉన్నారు. ఆయన తన గిన్నెను తాను తెలివితో తాగాలనుకున్నాడు. అది ఆయన పని. దెబ్బలు తిని దారిపక్కన పడివున్నవాడి గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసిన సమరయుణ్ణి మెచ్చుకున్నది కూడా ఆయనే (లూకా 10). మా తప్పు కూడా ఒప్పుకోవాలి. పదేళ్ల కిందట మా సంఘంలోనే ఒక సహోదరి కుంగుబాటు మాత్రలు మానేశానని సాక్ష్యం చెబితే అందరితోపాటు మేమూ చప్పట్లు కొట్టాం. తర్వాత ఆమె ఏమైందో ఇక్కడ రాయలేం.

తల్లిదండ్రులకు భయమంతా కేసు గురించే. భయం సమంజసమే. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం ఎల్‌ఎస్‌డీ గ్రాములో పదోవంతు దాటితే చాలు, వ్యాపార పరిమాణం కిందికి వస్తుంది. కనీసం పదేళ్ల కఠిన శిక్ష. అయితే అదే చట్టంలో 64ఏ సెక్షన్ కూడా ఉంది. కొద్ది పరిమాణం కేసులో, వ్యసనపరుడు తానుగా చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందే దారి అది చూపిస్తుంది. దాచిపెట్టి కూటాల చుట్టూ తిప్పేకంటే ప్రభుత్వ ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లడం మేలు. కాకినాడలో ఉంది. అర్ధరాత్రయినా 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు.

ఆ అబ్బాయిని ఆ రోజే కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాం. దారిలో రావులపాలెం వంతెన మీద మళ్లీ అదే ప్రశ్న వేశాడు. మేమన్నది ఇంతే: "బాబూ, నీకు ఆ రాత్రి ఏం కనిపించిందో దేవుడికే ఎరుక. పౌలుకు దమస్కు దారిలో వెలుగు కనిపించాక, మూడు రోజులు చూపు లేకుండా కూర్చుంటే అననీయ అనే మనిషి ఇంటికి వచ్చి చెయ్యి వేశాడు. నీ దగ్గరికి ఆ గదిలోనుంచి ఎవరైనా వచ్చారా?" రాలేదన్నాడు. ఫోన్లు కూడా ఎత్తడం లేదట.

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. మాత్రల వల్ల ఒళ్లు వచ్చిందని, పొద్దున్నే మెలకువ రావడం లేదని గొణుగుతుంటాడు. స్వరాలు బాగా తగ్గాయి. మొన్న గుడ్ ఫ్రైడే ఆరాధనకు తల్లితోపాటు వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. నాలుగో మాటప్పుడు లేచి బయటికి వెళ్లాడు. మేము కంగారుపడ్డాం. అయిదో మాట మొదలయ్యేలోగా, మంచినీళ్ల సీసాతో తిరిగొచ్చి తల్లికి అందించాడు.